చూపుల షికారు

మోటార్లు చుట్టే మేస్త్రీ ఇంట్లో సబ్బుకి చావు లేదు. అరిగి అరిగి రేకులా మిగిలిన పాత సబ్బుని కొత్త సబ్బు వీపుకి అతికించేస్తారు. టూత్‌పేస్టు గొట్టాన్ని ముందు పిండుతారు, తర్వాత చుడతారు, ఆఖరికి కత్తెరతో కోసి లోపల గీకుతారు. కూరగాయలు బజారు మూసే వేళకే కొంటారు. రాత్రి భోజనాలయ్యాక నలుగురూ ఒకే గదిలో కూర్చుంటారు, ఎందుకంటే ఆ ఇంట్లో ఒకేసారి రెండు బల్బులు వెలగడానికి వీల్లేదు. ఈ రాజ్యానికి రాణి మేస్త్రీ భార్య. ఆవిడ గుప్పిట్లోకి వెళ్ళిన నోటు మళ్ళీ బయటి గాలి పీల్చాలంటే ఇంట్లో ఎవరికో జ్వరమన్నా రావాలి, స్కూలు ఫీజన్నా కట్టాలి.

చుట్టుపక్కల వాళ్ళు వీళ్ళని పిసినారులనేవారు. పిసినారి ఉండీ పెట్టడు, వీళ్ళు లేక పెట్టరు. ఆ తేడా చెప్పుకుంటూ వీధి వీధీ తిరగలేరు కదా. జనం ఇళ్ళల్లో ఫ్యాన్లూ మిక్సీలూ కాలితేనే మేస్త్రీ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కాలిన రాగితీగని పీకేసి, కొత్త తీగ లెక్క తప్పకుండా చుట్టి, వార్నిష్ పూసి, ఎండబెట్టి ఇస్తాడు. మోటారు తిరిగే చప్పుడు విని ఏ చుట్టలో తేడా ఉందో చెప్పేస్తాడని అతనికి పేరుంది. పేరుకేం లోటు లేదు.

చూపుల షికారు ఆ మేస్త్రీ బుర్రలో పుట్టిందే. ఎనిమిదేళ్ళ కిందట, పెద్దకూతురికి తొమ్మిదేళ్ళప్పుడు, బళ్ళో పిల్లలందరూ ఆదివారం ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చారో సోమవారం చెప్పుకుంటారనీ, తనకి చెప్పడానికి ఏమీ ఉండదనీ ఆ పిల్ల మెల్లగా అంది. తీసుకెళ్ళమని అడగలేదు. అంది, అంతే. ఆ మాట మేస్త్రీకి రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు. మూడో రోజు ఆదివారం. చిన్నదాన్ని చంకనేసుకుని అందర్నీ నాలుగంతస్తుల పెద్ద షాపుకి బయల్దేరదీశాడు. నడిచే. చల్లగాలి ఊరికే వస్తుంది, కదిలే మెట్లు ఊరికే ఎక్కిస్తాయి, చూసినందుకు ఎవరూ టికెట్టు అడగరు.

దానికి నియమాలు పెట్టింది మాత్రం భార్య. పర్సు ఇంట్లోనే ఉండాలి. మనిషికి ఒక్క వస్తువు. ఎంతసేపైనా చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు. ఎక్కడ తీశారో అక్కడే, ఎలా ఉందో అలాగే పెట్టెయ్యాలి. మళ్ళీ ఆదివారం దాకా ఆ వస్తువు మనింట్లో ఉన్నట్టే.

అలా ఎనిమిదేళ్ళలో ఆ రెండు గదుల ఇంట్లోకి రాని వస్తువు లేదు. భార్య గాజుమూతల గిన్నెల సెట్టు తెచ్చుకుంది. వారమంతా “నా గిన్నెకి గీతలు పడకుండా తోమండర్రా” అని సొట్టల తపేలా చేతికిచ్చేది. మేస్త్రీ డ్రిల్లింగ్ మిషన్ తెచ్చుకుని, “జరగండి జరగండి, గోడకి కన్నం పెడుతున్నా” అని వేలు చూపించేవాడు. చిన్నదానికి మనిషంత ఎలుగుబంటి బొమ్మ. అది రాత్రంతా కాళ్ళతో తన్నిందనీ, దుప్పటంతా లాగేసుకుందనీ పొద్దున్నే ఫిర్యాదు చేసేది. పెద్దది ఒకప్పుడు రకరకాలవి పట్టుకునేది. ఈ మధ్య మూడేళ్ళుగా ఒక్కటే, ఆకుపచ్చ గొడుగున్న బల్లమీది దీపం. షాపులోకి వెళ్తూనే దాని స్విచ్ టక్‌మని నొక్కి, వెలిగించి, ఆర్పి, అక్కడే పెట్టేసేది. ఇంట్లో అది పుస్తకం పట్టుకుంటే తల్లి, “నీ దీపం ఆపవే తల్లీ, బిల్లు పేలిపోతుంది!” అని అరిచేది. అందరూ విరగబడి నవ్వేవారు. పెద్దదీ నవ్వేది.

ఇప్పుడు ఆ పిల్లకి పదిహేడు నిండాయి. వేరే ఊళ్ళో నర్సింగు స్కూల్లో సీటొచ్చింది. చదువూ ఊరికే, హాస్టలూ ఊరికే, తిండీ ఊరికే. దరఖాస్తు తనే పెట్టుకుంది, ఉత్తరం వచ్చాకే ఇంట్లో చెప్పింది. సోమవారం పొద్దున బస్సు. టికెట్టు కొనేశారు, పెట్టె సర్దడం మొదలైంది.

“బంగారుతల్లి. ఇన్నేళ్ళలో ఇది కావాలని నోరు తెరిచి అడిగిన పిల్ల కాదు” అని తల్లి పక్కింటావిడకి చెబుతుంటే మేస్త్రీ విన్నాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో! విన్నప్పుడల్లా ఛాతీ ఉప్పొంగేది. ఈసారి ముల్లులా గుచ్చుకుంది. చిన్నది నిద్రలేచింది మొదలు అది కావాలి ఇది కావాలి అని ప్రాణం తీస్తుంది, తిట్లు తింటుంది, మళ్ళీ అడుగుతుంది. పెద్దది ఏ రోజూ ఏదీ అడగలేదు. ఇంకో వారంలో వెళ్ళిపోతుంది. తన కూతురికి ఏమిష్టమో తనకి తెలియదు, ఆ దీపం తప్ప. ఆ ఒక్కటైనా చేతిలో పెట్టి పంపాలని అతని మనసు కొట్టుకులాడింది.

అదృష్టం బాగుండి, ఒక మిల్లు గోదాములోకి నీళ్ళొచ్చి ముప్పై ఫ్యాన్లు తడిసిపోయాయి. ఒకళ్ళ కష్టం ఇంకొకళ్ళకి అదృష్టం కావడం ఈ వృత్తిలో మామూలే. మేస్త్రీ వేళ్ళు వాచేలా చుట్టాడు. ముప్పయ్యో ఫ్యాను కూలి మాత్రం భార్యకి చూపించలేదు. పెళ్ళయ్యాక ఆవిడ దగ్గర దాచిన మొదటి డబ్బు అదే.

శనివారం సాయంత్రం షాపుకి వెళ్తే తలుపు దగ్గరి వాచ్‌మన్ ఆశ్చర్యపోయాడు. “ఇవాళ ఒక్కరే వచ్చారేంటి మేస్త్రీ?”

“కొనడానికొచ్చానయ్యా” అన్నాడు మేస్త్రీ, అవసరమైన దానికంటే కొంచెం గట్టిగా.

దీపాన్ని ఇంట్లో చేసుకోవచ్చని అతనికి తెలియక కాదు. రేకు ముక్క, హోల్డరు, రెండు గజాల వైరు ఉంటే గంటలో తయారు. అట్టపెట్టెలో వచ్చే వస్తువు, మీద స్టిక్కరు ఉండే వస్తువు, ఇంకెవరూ వాడని వస్తువు కూతురికి ఇవ్వాలని ఉంది, అంతే.

ఇంట్లో పెట్టె విప్పగానే చిన్నది గంతులేసింది. భార్య ముందు ధర అడిగింది, తర్వాత తల పట్టుకుంది. “సగం ఖర్చుతో నువ్వే చేసిచ్చేవాడివి కదయ్యా! నీకేమన్నా పిచ్చా?”

పెద్దది దీపాన్ని రెండు చేతులా అందుకుంది. “చాలా బావుంది నాన్నా” అంది. తర్వాత అడిగింది, “బిల్లుందా?”

స్విచ్ నొక్కలేదు. షాపులో మూడేళ్ళపాటు వెళ్తూనే ముందు నొక్కింది ఆ స్విచ్‌నే. చప్పుడు విని తేడా చెప్పేసే మనిషికి ఆ “చాలా బావుంది”లో తేడా వినపడకపోతుందా? వినపడింది. అతనికి రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున పెద్దదే వచ్చి చెప్పింది. “ఏడు రోజుల్లోపు తీసుకెళ్తే డబ్బు వెనక్కిస్తారట నాన్నా. అట్టపెట్టె చిరగలేదు. హాస్టల్లో ఎలాగూ లైట్లుంటాయి.” తల్లి మొహం వెలిగిపోయింది. ఆవిడా చిన్నదీ పెట్టె సర్దుతూ ఇంట్లో ఉండిపోయారు. తండ్రీకూతుళ్ళిద్దరే దీపాన్ని మోసుకుని షాపుకి నడిచారు.

కౌంటర్లో అమ్మాయి వైరు చూసి, బిల్లు చూసి, నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. మేస్త్రీ వాటిని జేబులో పెట్టుకోకుండా కూతురి చేతిలో పెట్టాడు.

“ఇంకోటి తీసుకో. ఏదైనా సరే. నేను ధర అడగను.”

పెద్దది నవ్వింది గానీ, తండ్రి మొహం చూసి మానేసింది. వెళ్ళింది. అతను వెనకాలే వెళ్ళాడు. చేతిసంచి తీసి ధర చీటీ తిప్పి చూసి, పెట్టేసింది. పెన్నుల డబ్బా తీసింది, పెట్టేసింది. స్వెట్టరు విప్పి చూసి, ఉన్న మడతల్లోనే తిరిగి మడిచి, మిగతావాటి అంచుకి అంచు కలిపి పెట్టేసింది. ఎంత నేర్పుగా పెడుతుందో! తీసిన గుర్తు కూడా మిగలదు. ఎనిమిదేళ్ళ సాధన మరి. అది నేర్పింది తామే కదా అనుకుంటే మేస్త్రీకి కళ్ళు మండాయి. నాలుగంతస్తులూ తిరిగి ఇద్దరూ చెప్పుల విభాగంలో బల్ల మీద కూలబడ్డారు.

“కుదరట్లేదు నాన్నా. ఇంటికెళ్దాం.”

“అసలు నీకా దీపం ఇష్టమేనా?”

“అది గుమ్మం పక్కనే ఉంటుంది కదా. తొందరగా అయిపోతుంది.”

“ఏం అయిపోతుంది?”

“నా వంతు.” గొంతులో నిష్ఠూరం లేదు. “ఇష్టమైంది పట్టుకుంటే మళ్ళీ పెట్టెయ్యాలి కదా నాన్నా. చిన్నప్పుడు పెట్టాను కొన్నాళ్ళు. ఇంటికొచ్చాక అది మనదే అని మీరంతా నవ్వుతుంటే నాకు అది లేదనే తెలుస్తుండేది. చెబితే మీ సరదా చెడిపోతుందని చెప్పలేదు. అందుకే ఇష్టం లేనిది పట్టుకోవడం అలవాటు చేసుకున్నా. అలా అయితే ఏమీ అనిపించదు.”

బట్టలు మడతపెట్టడం ఎలాగో చెప్పినంత మామూలుగా చెప్పింది. తిట్టినా బాగుండేది. ఎనిమిదేళ్ళూ తను పిల్లలకి పంచిన సంతోషం అనుకున్నదాంట్లో ఈ పిల్ల వంతుకి వచ్చింది ఇదన్నమాట. వెంటనే మేస్త్రీకి ఇంకో సంగతి తట్టింది.

పోయినేడు మిషను తగిలి తన వేలు తెగితే, కట్టు కట్టడానికి వచ్చిన ఈ పిల్ల రక్తం చూసి తనకంటే ముందు కింద పడిపోయింది. వేలు నోట్లో పెట్టుకుని ఇతనే దాని మొహాన నీళ్ళు చల్లాడు. ఆ కథ చెప్పుకుని ఇంటిల్లిపాదీ నెల రోజులు నవ్వారు. అలాంటి పిల్ల నర్సునవుతానంటే ఏ తండ్రికైనా అనుమానం రావాలి. ఇతనికి రాలేదు. ఫీజు లేదనేసరికి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“మరి ఈ నర్సింగు?” అన్నాడు.

పెద్దది పక్కనున్న చెప్పుల పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చడం మొదలుపెట్టింది.

“నిన్నే అడుగుతున్నానమ్మా.”

“ఫీజు లేదు కదా నాన్నా. రక్తం కూడా మెల్లగా అలవాటవుతుందట.”

మేస్త్రీ ఆ పెట్టెల మీంచి దాని చేతులు తీసి తన చేతుల్లోకి తీసుకున్నాడు. రాగితీగ కోసిన వేళ్ళు, గరుగ్గా ఉంటాయి. “నీకేం చదవాలని ఉంది? కుదురుతుందా లేదా అన్నది నాకొదిలెయ్. నువ్వు చెప్పు.”

“వద్దులే.”

“చెప్పు తల్లీ.”

బళ్ళో మొదటిరోజు పేరు చెప్పే పిల్లలా తల వంచుకుని అంది, “నాకు సర్వే చదువు కావాలి.”

ఒకసారి నోరు విప్పాక ఇక ఆగలేదు. కాలేజీ పిల్లలు రోడ్డు పక్కన మూడు కాళ్ళ స్టాండు పెట్టి అద్దంలోంచి చూస్తుంటారట. ఒకళ్ళు దూరంగా గీతల కర్ర పట్టుకుంటారట. ఎత్తుపల్లాలన్నీ కొలిచి కాగితం మీదికి తెస్తారట. బడికి వెళ్తూ రోజూ ఆగి చూసేదట. ఒకరోజు ఒకమ్మాయి పిలిచి అద్దంలోంచి చూడనిచ్చిందట. ఎక్కడో చివర కొండ మీది చెట్టు కొమ్మతో సహా దగ్గరికొచ్చేసిందట. చేతులు గాల్లో ఊపుతూ, ఒక కన్ను మూసి చూపిస్తూ చెబుతోంది. ఇది ఒక్క గుక్కలో ఇన్ని మాటలు మాట్లాడగలదని మేస్త్రీకి ఈ పదిహేడేళ్ళలో తెలియదు. ఇన్నాళ్ళూ ఈ పిల్ల ఎక్కడుంది? ఒకే బల్బు కింద, ఒకే గదిలో, తన పక్కనే కదా ఉంది.

“మూడేళ్ళు. ఈ ఊళ్ళోనే” అంది. ఫీజెంతో చెప్పింది, చివరి అంకెతో సహా. ఆఖరి తేదీ శుక్రవారం. ఫారం తెచ్చి నింపి చింపేసిందట. “మళ్ళీ అడిగితే ఇస్తారు. ఊరికేనే” అంది, అక్కడికి అది ఒక్కటే అభ్యంతరమైనట్టు.

ఆ ఫీజు అతని అయిదు నెలల సంపాదన. చేతిలో ఉన్నది ఒక దీపం డబ్బు. మిగతాది ఎక్కణ్ణుంచి తేవాలో తెలియదు, భార్యకి ఏమని చెప్పాలో అంతకంటే తెలియదు. అయినా ఇంత భయంలోనూ అతనికి ఏడవాలన్నంత సంతోషంగా ఉంది. కావాలి అంది. తన కూతురు నోరు తెరిచి కావాలి అంది.

లేచాడు. “పద. దారిలో బస్సు కంపెనీ వాళ్ళ దగ్గర ఆగుదాం. రేపటి టికెట్టు రద్దు చేయించెయ్యాలి.”

పెద్దది కంగారుగా లేచి నిలబడింది. “ఇప్పుడు రద్దు చేస్తే సగమే వెనక్కిస్తారు నాన్నా! సగం పోతుంది.”

“పోనీ” అన్నాడు.

ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ డబ్బు గురించి అనని మాట అది. సరిగ్గా విన్నానా లేదా అన్నట్టు ఆ పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. “సగం నాన్నా” అంది మళ్ళీ.

“పోతే పోనీ తల్లీ.”