ఎర్ర కంకర తీసేశాక

ఆ పొద్దున కొండమీది మబ్బు కిందికి దిగలేదు. మామూలుగా ఎనిమిదింటికల్లా మా క్యాబేజీ మడుల్ని మింగేసేది, ఆ వేళ హలెయకల కొండ నడుముకు తెల్ల పంచెలా చుట్టుకుని అక్కడే ఆగిపోయింది. కింద సముద్రం దాకా కనబడుతోంది.

నా భార్య కిమియో అటు చూడలేదు. వసారాలో వలపెట్టె ముందు కూర్చుని, కొమ్మను పట్టుకుని ఉన్న ఊసరవెల్లినే చూస్తోంది. దాని పేరు మోచి. ఆడది, మగదానిలా కొమ్ముల్లేవు. పొట్ట నిండు సంచిలా ఉంది. ఈ జాతి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. జిగురు పొరలో చుట్టుకున్న పిల్లలు కొమ్మ మీంచి కింద పడతాయి. పొర చించుకుని వాటంతట అవే లేవాలి.

పోయినేడు పెట్టె అడుగున నేను ఎర్ర కంకర పోశాను. మా కూలా ఊళ్లో అందరూ చేసే పనే. అగ్నికొండ కంకర దారికి పోస్తాం, కుక్క గూటికి పోస్తాం, సమాధి చుట్టూ కూడా పోస్తాం. నీరు నిలవదు, ఇంకేం కావాలనుకున్నాను. పద్నాలుగు పిల్లలు పడ్డాయి. జిగురుకు నలుసులు అంటుకుపోయి ఒక్కటీ లేవలేదు. కిమియో తిట్టలేదు. చెమ్చాతో ఒక్కొక్కటే ఏరింది.

ఈసారి మోచి పొట్ట పెరగడం మొదలయ్యాక ఒకే మాట అంది. "మళ్లీ అలాగే అయితే దీన్ని పట్టుకొచ్చిన కంచెలోనే వదిలేస్తానయ్యా. నాకింక చేతకాదు."

నలభై ఏళ్లలో ఆమె నోట చేతకాదన్న మాట వినలేదు నేను.

కంకర ఎత్తేసి మట్టి పోశాను. రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లే పెట్టె అది, వారానికే పురుగు పట్టి కంపు కొట్టింది. పాత పేపర్లు పరిచాను. తడికి ముద్దయి మోచి కాళ్లకు అంటుకున్నాయి. పక్కింటి పలాకికో వాళ్లమ్మ అల్లిన లవ్‌హాల ఆకుల చాప తెచ్చాడు.

"రాణులు పడుకునే చాప వదినా ఇది! నీ మోచికి తక్కువేంటి?" అన్నాడు.

నాలుగో రోజుకు బూజు పట్టింది. అయినా వాడి నోరు ఊరుకోలేదు. "జోకిం అన్నా, బల్లికి నేల వెతుకుతున్నావా, కొత్త పెళ్లికూతురికి ఇల్లు కడుతున్నావా?"

"బల్లి కాదు, ఊసరవెల్లి. నీ చాప తీసుకెళ్లి ఎండలో వేసుకో."

ఆ సాయంత్రం వంటింట్లో కిమియో చేతిలోంచి మీసో సోయా చారు ఒలికింది. వంగి గుడ్డతో ఒక్క తుడుపు తుడిచింది, అంతే. నేల మళ్లీ మెరిసింది. నేను సరాసరి షెడ్డుకు వెళ్లాను. ఆ నేలకు వేయగా మిగిలిన లినోలియం చుట్ట అక్కడే ఉంది.

పెట్టె కొలతకు కోశాను. మురికి దాగకుండా తెల్లవైపే పైకి పెట్టాను. ఒక పక్కన చెక్క ముక్క తోసి వాలు ఇచ్చి, మూలన కన్నం చేసి కింద బకెట్ పెట్టాను.

కిమియో వేలితో రాసి చూసింది. "పిల్లలకు జారదూ?"

"పైన తడి కాగితం వేద్దాం. మైలైనా, ముద్దైనా తీసి పారేయడమే. కింద ఒక్క తుడుపు."

కాగితం ఆమే పరిచింది.

మబ్బు దిగని ఆ పొద్దున తొమ్మిదింటికి మోచి కింది కొమ్మకు దిగి తోక ఎత్తింది. మొదటిది పడింది. నానిన బియ్యపు గింజ రాలినంత చప్పుడు. కదల్లేదు. కిమియో నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడే చేపలు ఇవ్వడానికొచ్చిన పలాకికో మెట్ల మీదే నిలబడిపోయాడు.

పొర చిరిగింది. గోరంత తల బయటికొచ్చింది. నాలుగు కాళ్ల మీద ఊగుతూ లేచి, తెల్ల కాగితం మీద నడుచుకుంటూ వెళ్లి కొమ్మ పట్టుకుంది.

"లేచిందయ్యా," అంది కిమియో.

పంతొమ్మిది పడ్డాయి. రెండు లేవలేదు. వాటిని ఆమె కాగితంతో సహా తీసింది, ఒక్కసారి తుడిచింది, కొత్త కాగితం వేసింది. మిగతా పదిహేడూ కొమ్మల మీద ఉన్నాయి.

మధ్యాహ్నం వసారాలోనే, పెట్టెకు ఎదురుగా కూర్చున్నాం. అన్నం, వేయించిన చేప, ఊరబెట్టిన ఉల్లి. పలాకికో కూడా పళ్లెం పట్టుకుని మా పక్కనే కూర్చున్నాడు. ముగ్గురం పెట్టెనే చూస్తూ తిన్నాం. కిమియో తన పళ్లెంలోని మంచి ముక్క తీసి నా అన్నం మీద పెట్టింది.