పన్నెండో పేరు

పోలీసులు పదకొండు మందిని లారీ ఎక్కించారు. కెరిచో కొండల్లోని ఆ తేయాకు తోటలోకి కోత యంత్రం దిగాల్సిన రోజు అది. యంత్రం దిగితే కూలీలకు పనీ పోతుంది, కంపెనీ ఇచ్చిన గదీ పోతుంది. అందుకే దానికి అడ్డంగా కూర్చుంటామని పన్నెండు మంది ఒట్టేసుకున్నారు. ఇన్‌స్పెక్టర్ కాగితం చూసి పదకొండు పేర్లు చదివాడు. అందులో కిమెలి పేరు లేదు.

"నేనూ ఉన్నాను" అనడానికి కిమెలికి నోరు పెగల్లేదు.

లారీ కదలగానే జనం అతని చుట్టూ మూగారు. తబ్లేయి అవ్వ కొడుకులిద్దరూ ఆ లారీలోనే ఉన్నారు.

"నువ్వొక్కడివే ఎట్టా మిగిలావురా?" అంది అవ్వ.

"మా ఒట్టు సంగతి, పేర్లతో సహా, తోట మేస్త్రీ మొసోనిక్‌కి చెప్పానవ్వా. వాడి దగ్గర దాచలేకపోయాను."

ఎవరూ ఎందుకని అడగలేదు. కుర్రతనంలో సున్తీ అయ్యాక ఆ ఇద్దరూ నెలల తరబడి ఒకే గుడిసెలో, పెద్దల చేతికింద గాయం మాన్పుకున్నారు; అలాంటివాళ్ల మధ్య దాపరికం ఉండకూడదు. అలాంటి తోటివాణ్ణి ఎవడైనా అమ్ముకున్నాడని ఆ కొండల్లో ఎవరూ విని ఎరగరు. కంపెనీ మాత్రం ఆ నమ్మకాన్ని కూడా ఆకు కోసినంత సులువుగా కోసేసింది.

"ఆ మొసోనిక్ రక్తమే అంత. వాళ్ల తాత తెల్లదొరల మనిషి," అన్నాడొకడు.

"వాడి చెల్లెలూ ఆ తాత మనవరాలేగా. మరి అదెందుకు లారీ ఎక్కింది?" అంది అవ్వ.

"పెంపకం అనుకో."

"నన్నూ వాణ్ణీ పెంచింది ఆ గుడిసె పెద్దలే," అన్నాడు కిమెలి. కొట్టి అడుగుదామని మేస్త్రీ ఇంటికి బయల్దేరాడు.

మొసోనిక్ కుర్చీ వేశాడు.

"నీ పేరు రాయనివ్వలేదురా. గుడిసె మాట తప్పలేదు నేను," అన్నాడు, మేలు చేసినవాడిలా. "ముగ్గురు పిల్లల్ని వేసుకుని రోడ్డున పడమంటావా? నా చోట నువ్వున్నా ఇదే చేసేవాడివి. యంత్రం తోలే పని, దాంతోపాటు సిమెంటు ఇల్లూ నీకిమ్మని దొరతో చెప్పాను. రేపు రా."

కిమెలి చెయ్యి లేవలేదు. ఒక్క క్షణం ఆ సిమెంటు ఇంట్లో తన భార్య ఉన్నట్టు కళ్ల ముందు కనిపించింది. ఆ క్షణానికి తన మీద తనకే అసహ్యం వేసింది. జనం దగ్గరికి తిరిగొచ్చాడు.

"నాకూ పనిస్తానన్నాడు. మనసు లాగిందవ్వా, అబద్ధమెందుకు. వాడేం రాక్షసుడు కాదు. కంపెనీ వాడికి ఇల్లిచ్చింది, అది పోతుందని భయం పెట్టింది. కానీ పేర్లు చెప్పిన నోరు వాడిది. నేను మన్నించను."

"మాటలు బానే ఉన్నాయి. చేసేదేంటి?"

"స్టేషన్‌కి పోయి నా పేరు నేనే రాయిస్తాను."

అవ్వ ఆకుబుట్ట కింద పడేసింది. "నిన్ను నమ్మానని అనుకోకు. ముందు నడు. మధ్యలో పారిపోకుండా వెనకే వస్తాం."

బుట్టలు ఒకటొకటిగా నేల మీద పడ్డాయి. తోట తోటంతా రోడ్డెక్కింది.

స్టేషన్ గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ అడ్డం నిలబడ్డాడు. "నిన్నెవరు రమ్మన్నారు?"

"మీ కాగితంలో పన్నెండో పేరు లేదు. రాసుకోండి, కిమెలి."

అవ్వ కిమెలిని పక్కకి నెట్టి ముందుకొచ్చింది. "పదమూడు, తబ్లేయి. త్వరగా రాయి నాయనా, వెనక చాలామంది ఉన్నారు."