ఎడమ మోకాలి సంఘం

మా ఊరి కొండ మొదట్లో ఒక బోర్డు ఉంటుంది. దాని మీద "దారి: మధ్యస్థం" అని రాసి ఉంటుంది. ఆ రాసినవాడి మోకాళ్ల వయసెంతో మాత్రం రాయలేదు. ఎక్కడం వరకూ నిజంగానే మధ్యస్థం. పైన్ చెట్ల నీడ, కింద నుంచి సముద్రపు గాలి, హాయిగా ఉంటుంది. దిగేటప్పుడు వచ్చే చెక్కమెట్ల దగ్గరే అసలు రంగు బయటపడుతుంది.

మా ఆయన ప్యో గిల్‌మాన్ కొరియాలోని మా రేవు ఊరు టోంగ్యోంగ్‌లో కొండెక్కేవాళ్ల సంఘానికి ప్రెసిడెంటు. ఏటా మార్చిలో ఆ సంఘం శిఖరం మీద కొండదేవుడికి పూజ చేస్తుంది. ఉడికించిన పందితలను రాతి మీద పెట్టి, బియ్యపు కల్లు పోసి, "ఈ ఏడాది ఎవరి కాలూ విరక్కుండా చూడు స్వామీ" అని అందరూ సాగిలపడతారు. ఆ తల నవ్వుతున్న తలై ఉండాలి. దాన్ని వీపున మోసుకెళ్లే గౌరవం ప్రెసిడెంటుది.

ఈసారి డాక్టరు ఆయన ఎడమ మోకాలు చూసి, "ఎక్కితే ఎక్కండి, మెట్లు మాత్రం దిగకండి. దిగితే కత్తి పెట్టాల్సి వస్తుంది" అన్నాడు. ఎక్కి దిగకుండా అక్కడే ఉండిపోవడానికి ఈయనేమైనా కొండదేవుడా?

"సంఘంలో ఈ సంగతి తెలిసిందా, ఆ రోజే రాజీనామా" అన్నాడు మా ఆయన ఇంటికి రాగానే.

అన్నాడంటే చేస్తాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. ఓడల కార్ఖానాలో ఉద్యోగం అయిపోయిన ఏడాది ఆయన శీతాకాలమంతా బాల్కనీలో కూర్చుని కింద ఆగి ఉన్న కార్లను చూస్తూ గడిపాడు. పలకరిస్తే "ఊఁ" అనేవాడు. అలాంటి శీతాకాలం ఇంకొకటి వస్తే నేను తట్టుకోలేను. ఆయనకు కత్తీ వద్దు, బాల్కనీ వద్దు. నాకు కావలసింది అంతే.

అందుకని సంఘంలో పెద్దలు ముగ్గురికీ విడివిడిగా ఫోన్ చేశాను. "ఆయన ఎడమ మోకాలు బాగాలేదు. ఈసారి తేలిక దారి పెట్టించండి. ఆయన కోసమని తెలియకూడదు, మీ కోసమే అన్నట్టు అడగండి. ఈ మాట మీ ఒక్కరికే చెబుతున్నాను" అన్నాను. ముగ్గురూ ఒట్టేశారు. పెద్దవాడి పరువు నిలబెట్టాలంటే మా ఊళ్లో ఎవరైనా అబద్ధం ఆడతారు. ఆడడం వచ్చా రాదా అని చూసుకోరు.

దారి ఖాయం చేయడానికి ఆల్చిప్పల పులుసు హోటల్లో కలిశారు. ఆ రోజుకి కింబాప్, అదే సముద్రపు నాచులో అన్నం పెట్టి, చుట్టేది నేనే కాబట్టి నేనూ వెళ్లాను. మా ఆయన బల్ల మీద మ్యాపు పరిచాడు. "గుడి వెనక నుంచి ఎక్కుదాం. శిఖరం మీద పూజ. చెక్కమెట్ల మీదుగా దిగుదాం. మధ్యస్థమేగా, ఎవరికీ కష్టం ఉండదు" అన్నాడు.

చేపలు పట్టే బే ఇన్‌చోల్ గొంతు సవరించుకున్నాడు. "అన్నా, మెట్లంటే నాకు కొంచెం ఇబ్బందే. ఎడమ మోకాలు పట్టేసింది."

"ఎప్పటినుంచిరా?"

"నిన్నటి… కాదు, ఎప్పటినుంచో."

క్షౌరశాల నడిపే దోక్‌సు కంగారుగా నా వైపు చూశాడు. తాను చెప్పాలనుకున్నది బే ముందే చెప్పేశాడు. ఇంకో జబ్బు వెతుక్కునే తెలివి లేకపోయింది పాపం. "నాదీ ఎడమదే, ప్రెసిడెంటు గారూ. నిలబడి నిలబడి" అన్నాడు.

మార్కెట్లో పందిమాంసం అమ్మే ఓక్ మల్‌సున్ అప్పటికే తన మోకాలు పట్టుకుని మూలుగుతోంది. అదీ ఎడమదే.

మా ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. ముగ్గురి మోకాళ్లనీ వరసగా చూసి, చివరికి నన్ను చూశాడు. "ఊళ్లో ఎడమ మోకాళ్లకి అంటువ్యాధి తగిలినట్టుంది" అన్నాడు.

ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా పులుసులోకి చూస్తూ కూర్చున్నారు.

"సరే, మీరంతా ఇళ్లలో పడుకోండి. తల నేనొక్కణ్ణే మోసుకెళ్తాను. పూజ చేసొచ్చి సంఘం తాళాలు ఇచ్చేస్తాను" అంటూ మ్యాపు మడతపెట్టసాగాడు.

కత్తీ, బాల్కనీ రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి.

అప్పుడు మల్‌సున్ మూలుగు ఆపింది. "మోసుకెళ్తారు సరే అన్నయ్యా, పోయినేడు తలని ఏం చేశారో గుర్తుందా?"

"ఏం చేశాను?"

"మార్కెట్టంతా గాలించి నవ్వే తల ఏరి ఇచ్చాను. మీ వీపు మీద కుదుపులకి మూతి వంకరపోయింది. పైకెళ్లేసరికి ఏడుపుముఖం. దేవుడికి కళ్లు లేవనుకున్నారా? ఆ నెలలోనే ఇన్‌చోల్ పడవ మునిగింది."

"మునగలేదు, కాసిని నీళ్లొచ్చాయంతే" అన్నాడు బే.

"నువ్వు నోర్ముయ్. ఈసారి నేనిచ్చే తల సంచిలో ఎక్కదు. మన కొండ మీదకెళ్లే కేబుల్ కారులో, కుదుపు లేకుండా వెళ్లాలి."

"కేబుల్ కారా?" అన్నాడు మా ఆయన. "కొత్తగా పెళ్లయినవాళ్లు ఎక్కే దాంట్లో నేనెక్కాలా?"

"మిమ్మల్నెవరు ఎక్కమన్నారు? నేను తల సంగతి చెబుతున్నాను. అయితే దేవుడికిచ్చే తలని ఒంటరిగా పంపిస్తామా? పూజ చేసే మనిషే ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాలి. కిందకీ అంతే, అది ప్రసాదం. వద్దంటే చెప్పండి, ఈ మోకాలు పట్టేసిన దోక్‌సు ఒళ్లో పెడతాను."

"కారు ఆగే చోటే చదునుగా ఉంటుంది, పూజ అక్కడే చేసుకోవచ్చు. సముద్రం కూడా బాగా కనిపిస్తుంది" అని దోక్‌సు అందుకున్నాడు. జన్మలో మొదటిసారి పనికొచ్చే మాట అన్నాడు.

మా ఆయన గిన్నెలో కల్లు తాగి, మూతి తుడుచుకున్నాడు. మ్యాపు మళ్లీ విప్పాడు.

"ఇన్‌చోల్, నడిచేవాళ్లని నువ్వు తీసుకురా. వెనకపడ్డవాళ్లని వదిలెయ్యకు."

"నేనా? నా మోకాలు…" అన్నాడు బే. బల్ల కింద మల్‌సున్ తన్నింది. "తగ్గిపోయిందన్నా."

ఇంటికి వెళ్లే దారి రేవు వైపు బాగా పల్లం. ఆయన గోడ పట్టుకుని నడుస్తున్నాడు. నేను చూడనట్టు నడుస్తున్నాను.

"ముందు ఎవరికి ఫోన్ చేశావు?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఇన్‌చోల్‌కి."

"వాడికెందుకు చెప్పావే. ఎడమ మోకాలంటూ కుడిది పట్టుకున్నాడు." కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "నేను లేకుండా వెళ్లిపోవచ్చుగా వాళ్లు. సులువుగా పోయేది" అన్నాడు.

"వెళ్లరు" అన్నాను.

ఆయన గోడ వదిలేసి నా భుజం మీద చెయ్యి వేశాడు. వీధిలో ఆయన అలా చెయ్యడం నేను ఎన్నడూ ఎరగను. బరువుగా ఉంది, బాగుంది.

"ఆ పందితలతో అంతసేపు ఏం మాట్లాడతాను? నువ్వూ రా" అన్నాడు.

ఇన్నేళ్లుగా కింబాప్ చుట్టి పంపడమేగానీ, ఆ కొండకి నన్ను రమ్మని ఆయన ఒక్కసారీ అడగలేదు. నా మోకాళ్లు రెండూ రాళ్లలా ఉన్నాయి. నడిచి ఎక్కి, నడిచి దిగగలను. అయినా కేబుల్ కారులోనే వస్తానన్నాను.