దాటిపోయిన పళ్లెం

సంఘంలో అందరూ అతణ్ణి చాటుగా తక్కెడ అనేవారు. వారమంతా బేకరీలో పిండి తూచేవాడు, ఆదివారం వస్తే మనుషుల్ని తూచేవాడు. ఏసు పేరిట మందిరంలో అందరికీ పంచే ప్రభువు బల్ల రొట్టె అతని పొయ్యిలోనే కాలేది. సంఘపెద్దగా పళ్లెం పట్టుకుని వరసవరసకీ తిప్పేదీ అతనే. ఎవరి ముందు ఆగాలో, ఎవరిని దాటిపోవాలో దేవుడు తన చెవిలోనే చెప్పినట్టు నడిచేవాడు. పాస్టరుగారు మెత్తని మనిషి, ఈ పెద్దతో మనకెందుకులే అని ఊరుకునేవారు.

అలా ఒక ఆదివారం సొంత తమ్ముణ్ణే దాటిపోయాడు.

తమ్ముడు ఒకప్పుడు తాగుబోతు. మానేసి, మళ్లీ మందిరానికి వచ్చి, వెనక బెంచీ మీద ఒదిగి కూర్చునేవాడు. ఆ రోజు రొట్టె కోసం చెయ్యి చాచాడు. నోటినుంచి మందు వాసన గుప్పుమంది. అన్న పళ్లెం పైకెత్తి, అందరూ చూసేలా పక్కవాడికి అందించాడు. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. ఆ తరువాత తమ్ముడు మందిరం గడప తొక్కలేదు. దేవుడి పనిలో రక్తసంబంధం కూడా చూడడని నలుగురూ అన్న గురించి చెప్పుకున్నారు. ఆ మాట అతనికి ఎంత రుచించిందో!

ఇప్పుడు తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నాడు. దవడలో లేచిన పుండు గొంతుదాకా పాకింది. డాక్టర్లు చేతులెత్తేశారు. కబురు అందగానే అన్న రొట్టె కాల్చి, తెల్లగుడ్డలో చుట్టుకుని బయల్దేరాడు. తమ్ముణ్ణి క్షమించి రావాలని అతని ఉద్దేశం. దారి పొడుగునా దానికి తగ్గ మాటలు కూర్చుకున్నాడు కూడా.

వార్డు బయట కుళాయి దగ్గర మరదలు గిన్నె కడుగుతోంది.

"ఎందుకొచ్చారు బావగారూ?"

"రొట్టె తెచ్చానమ్మా. ఆ రోజు తాగొచ్చాడు కాబట్టి ఇవ్వలేకపోయాను. ఇప్పుడు వాడు పశ్చాత్తాపపడితే..."

"తాగలేదండీ." ఆమె గొంతు పెంచలేదు. "పన్ను సలుపుతోందని రాత్రంతా గిలగిల్లాడిపోయారు. నేనే పక్కింట్లో అడిగి, బ్రాందీలో దూది ముంచి పంటికింద పెట్టాను. అది పన్నుపోటు కాదని, ఈ రోగమని మాకేం తెలుసు?"

"నాకు చెప్పొచ్చు కదమ్మా!"

"మీరు అడిగారా?"

అన్న బెంచీ మీద కూలబడ్డాడు. దేవుడి పేరు చెప్పి తను తూచిన ముఖాలన్నీ కళ్లముందు తిరిగాయి. ఆ తక్కెడలో తనని పడేస్తే ఎంత తూగుతాడు? పొట్టుపాటి కూడా చెయ్యడు. "దేవా, నేను దేనికీ పనికిరాను" అని మాత్రం అనగలిగాడు. లేచి, రొట్టె మూట పట్టుకుని వార్డులోకి నడిచాడు.

లోపల తమ్ముడు మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. ముక్కులో గొట్టం, మాట పడిపోయింది.

అన్న మంచం పక్కన మోకరించాడు. "తప్పు చేశాన్రా. దాటెయ్యాల్సింది నిన్ను కాదు, నన్ను." గుడ్డ విప్పి రొట్టె తుంచాడు. "తీసుకోరా. చిన్న ముక్కే."

తమ్ముడు ముక్క అందుకుని పెదాలకి ఆనించుకున్నాడు. అక్కడితో ఆగిపోయాడు. గొంతులోకి నీళ్ల చుక్క కూడా దిగదని అన్నకి అప్పుడు తట్టింది. తినగలిగిన రోజు ఇవ్వలేదు, ఇచ్చిన రోజు తినలేడు. ఇక దీన్ని ఏ కన్నీళ్లూ సరిచెయ్యలేవు.

తమ్ముడు ఆ ముక్కని అన్న వైపు చాచాడు.

అన్న ఇన్నేళ్లూ పంచినవాడే గాని ఎవరి ముందూ చెయ్యి చాచినవాడు కాడు. మందిరంలో తన ముక్క కూడా తనే తీసుకునేవాడు. "నాకు ఆ యోగ్యత లేదురా" అన్నాడు. తమ్ముడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అన్న దోసిలి పట్టాడు. తను కాల్చిన రొట్టే, గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారానికి తమ్ముడు లేడు. పళ్లెం వేరొకరి చేతిలో ఉంది. అన్న వెనక బెంచీ మీద, తమ్ముడు కూర్చునే చోట కూర్చున్నాడు. పళ్లెం దగ్గరవుతున్న కొద్దీ, అది తనని దాటిపోతుందేమో అనిపించింది. దాటిపోయినా న్యాయమే అనుకుంటూ చెయ్యి చాచాడు.