మంచి చెయ్యి

రత్నాలు మూడు పాత పంచెలు మడిచి సంచి అడుగున సర్దింది. వాటిని ముక్కలుగా చింపలేదు. పుట్టని బిడ్డకు గుడ్డలు సిద్ధం చెయ్యకూడదని ఆ కొండమీద కట్టుబాటు. చింపే పని ఆస్పత్రిలో ఎవరైనా చేస్తే, తప్పంటూ ఉంటే అది గవర్నమెంటుది. వాటిమీద మనవరాలు నిర్మల చీరలు రెండు, సబ్బు, వాము పొట్లం, మదర్ కార్డు, ఆధార్ కార్డు పెట్టింది.

పెద్ద పేరున్న మనిషేం కాదు రత్నాలు. పొద్దున్నే కాఫీ తోట, ఆ తరవాత రాగులు పండే చోడి చేను, వారానికోసారి సంత. వేళ్ళు వంకరపోయాయి, గోళ్ళు నల్లబడ్డాయి. ఒకప్పుడు మాత్రం చుట్టుపక్కల ఎవరికి నొప్పులొచ్చినా ఆ మంత్రసానికే కబురు. రత్నాలుది మంచి చెయ్యి అనేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళ కిందట ఉన్నట్టుండి ఆ పని మానేసింది. అదేమంటే కళ్ళు ఆనడం లేదనేది. ఆ కళ్ళతోనే సూదిలో దారం ఎక్కించేది, అది వేరే సంగతి.

అప్పట్నుంచీ ఊళ్ళో ఎవరికి నెలలు నిండినా పిలవకుండానే వెళ్ళి, సంచి సర్ది, తిట్టి మరీ కొండ దింపేది. ఈసారి వంతు మనవరాలిది. తల్లి లేని గుంటపిల్లని తనే పెంచింది. నిర్మల మొగుడు రవిబాబు పార్వతీపురంలో తాపీ పనికి పోయాడు.

ఆ గుంటే ఇవాళ మొండికేసింది. గుమ్మానికి ఆనుకుని కూర్చుని, "నానెల్లను" అంది.

ఆశా కార్యకర్త సత్యకుమారి ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటోంది. "బేగి లెగవే నిర్మలా, కింద ఆటో ఉంది. రగతం తక్కువ, ఇంటికాడ కాన్పు వద్దని డాక్టరమ్మ అన్నాదా నేదా? సాలూరులో కడుపుతో ఉన్నోళ్ళ హాస్టల్లో వారం రోజులుంటే నీకేటి నొప్పి?"

"ఊరందరికీ పురుడు పోసిన సెయ్యి మా ఇంట్లో ఉంటే ఆస్పత్రెందుకక్కా? అమ్మమ్మ సేతిలోనే కంటాను. నన్ను తీసింది ఆ సెయ్యే కదేటి?"

సత్యకుమారి తల దించుకుంది. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు, పిల్లకే తెలీదు. చెబితే ఏమవుతుందో రత్నాలుకు తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో అంతకన్నా బాగా తెలుసు.

"మీ అమ్మ జొరంతో పోనేదే" అంది. "నిన్ను కన్నాక రగతం ఆగనేదు. జీపు తెత్తానని మీ తాత అంటే, నా సెయ్యుండగా జీపేటని నానే ఆపీసినాను. పొద్దెక్కేసరికి పోనాది. ఈ సేతిలోనే."

నిర్మల చాలాసేపు ఆ చేతులకేసి చూసింది. తనకు జడలు వేసిన చేతులు, ముద్దలు కలిపి పెట్టిన చేతులు. తరవాత నడుం పట్టుకుని లేచింది. సంచి జిప్పు లాగి, తోడు వెళ్దామని రత్నాలు అన్నిటికన్నా పైన పెట్టుకున్న తన ఆకుపచ్చ చీర తీసి అరుగు మీద పెట్టింది.

"నువ్వు రాకు. అక్క సాలు."

సంచి సత్యకుమారి చేతికిచ్చి, "ఎల్తన్నాను" అంది.

గడప దాటేవాళ్ళు వత్తాను అనాలి. ఎల్తన్నాను అన్నది తిరిగిరాని వాళ్ళ మాట. చిన్నప్పుడు నిర్మల ఆ మాట జారితే రత్నాలు ఎన్నిసార్లు నెత్తిన మొట్టిందో! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని సరిదిద్దుతుంది?

రాళ్ళబాటలో పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. కోపంతోనే నడుస్తోంది, కానీ కిందికే నడుస్తోంది. నడవనీ. బతికుండి నూరేళ్ళు తిట్టుకోనీ. రత్నాలు ఏడ్చింది.

మలుపులో ఆటో చప్పుడు వినిపించి, కాసేపటికి దూరమై వినపడకుండా పోయింది. అరుగు మీద ఆకుపచ్చ చీర మడత విప్పకుండా అలాగే ఉంది.