చేతి మీది నంబరు

నా నోటి సంగతి సూరత్ లింబాయత్‌లో మా గల్లీ వాళ్లకే కాదు, పక్క గల్లీ వాళ్లకు కూడా తెలుసు. తప్పు నాదైనా సరే, ముందు ఎదుటివాళ్లను నాలుగు మాటలన్నాకే నాకు ఊపిరి ఆడుతుంది. ఈ విషయంలో కూడా ఫోను కంపెనీని తిట్టాను, సర్కారును తిట్టాను, నా మీద ఫిర్యాదు చేసిన ముఖం తెలియని మనుషులను తిట్టాను. ఇక తిట్టడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఆయన పేరు సోమలింగం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చి ముప్పై నాలుగేళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేశాడు. ఆ మోతకు చెవులు సగం పోయాయి. రెండేళ్ల కింద మతి కూడా తప్పడం మొదలైంది. మొదట తాళంచెవులు మరిచిపోయాడు, తర్వాత వారాలు, తర్వాత మా బిడ్డ హారతి పేరు. దీనికి మందు లేదు, కనిపెట్టుకుని ఉండండి అన్నాడు డాక్టరు. ఆ మాట అనడం సులువు. తలుపు తెరిచి ఉంటే చాలు, డ్యూటీకి టైమైందని చెప్పుల్లో కాళ్లు పెట్టేవాడు.

హారతి ఇక్కడే పుట్టి పెరిగింది. బట్టల మార్కెట్‌లో కంప్యూటర్ పని చేస్తుంది. తండ్రి మెడలో పేరూ నంబరూ రాసిన కార్డు వేలాడదీసింది. తీసి పారేశాడు. చేతికి స్టీలు కడియం చేయించి దాని మీద రాయించింది. అదీ పారేశాడు. చివరికి ఒక ఆదివారం డుమస్ బీచికి తీసుకుపోయాం. అక్కడ భజియా బండ్ల పక్కన మిషన్‌తో పచ్చబొట్లు పొడిచేవాడు కూర్చుంటాడు. మా ఆయన మోచేతి కింద నా ఫోన్ నంబరు, పది అంకెలూ పొడిపించాం.

"పసులకు నంబరేసినట్టు ఏస్తున్నరేందే" అన్నాడు మా ఆయన, సూది దిగుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

"తప్పిపోయే పసులకు ఎయ్యక ఇంకెవలకు ఏస్తరు" అన్నాను.

నవ్వాడు. ఆ రోజు అతనికి మతి బాగానే ఉంది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత మూడుసార్లు తప్పిపోయాడు, మూడుసార్లూ ఇల్లు చేరాడు. ఒకసారి ఉధనా స్టేషన్ దగ్గర ఆటో అతను ఫోన్ చేశాడు. ఒకసారి చౌక్‌లో పూలమ్మే ఆమె చేసింది. ఒకసారి మా ఆయన పాత కార్ఖానా వాచ్‌మన్ చేశాడు. ఎవరో ఒకరు ఆ చెయ్యి చూసేవారు, నాకు ఫోన్ వచ్చేది, నేను ఆటో ఎక్కి పోయి తెచ్చుకునేదాన్ని. ఆ పది అంకెలు ఉన్నంతకాలం నా మొగుడు ఎక్కడికి పోయినా నా దగ్గరికే వస్తాడని నాకు ధైర్యం.

అతని పని ఆగిపోయాక నేను చీరల వ్యాపారం మొదలుపెట్టాను. రింగ్ రోడ్డు మార్కెట్‌లో కొని మన వైపు వాళ్లకు పార్సిల్ వేయడం. అమ్మడం నాకు చాతనవును. కొనేవాళ్లే దొరకాలి. అప్పుడు నా చేతికి మన పద్మశాలీల పరిచయ వేదిక పుస్తకం వచ్చింది. పెళ్లీడు పిల్లల వివరాలు, కింద తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు. కరీంనగర్ నుంచి భీవండి దాకా అందరూ అందులో ఉన్నారు. పెళ్లి పెట్టుకున్న ఇంటికి చీరలు కావాలి, నా దగ్గర చీరలున్నాయి, పైగా అంతా మనవాళ్లే. ఇంకేం కావాలి అనుకున్నాను.

నా ఫోన్‌లో రోజుకు వంద మెసేజీలు ఫ్రీ. ఫ్రీగా వచ్చినదాన్ని వాడకుండా పోగొట్టడం నా ఒంటికి సరిపడదు. రోజూ పొద్దున టీ తాగుతూ వందమందికి పంపేదాన్ని. "అక్కా, సూరత్ చీరలు, ఒక్కసారి చూడండి" అని. ఒకనాడు హారతి చూసింది.

"అమ్మా, ఐసా నహీ కర్తే. అడగకుండ గిట్ల అందరికి మెసేజ్‌లు పంపొద్దు. రూల్స్ ఉన్నయి. నంబర్ బంద్ చేస్తరు."

"మనోల్లకు మనం చెప్పుకునేదానికి రూలేందే? నువ్వు నీ మార్కెట్ సంగతి చూసుకో" అన్నాను.

అది పోయాక మళ్లీ పంపాను. దానికి తెలియకుండా పంపడం అలవాటు చేసుకున్నాను.

నాలుగు రోజులకు ఒకామె ఫోన్ చేసింది. పేరు స్వరాజ్యమట, కోరుట్ల నుంచి.

"నా నంబర్ నీకెవలు ఇచ్చిండ్రు?"

"పరిచయ వేదిక పుస్తకంల ఉన్నదక్కా."

"అది నా బిడ్డ సంబంధం కోసమిచ్చిన నంబర్. మూడేండ్ల సంది చూస్తున్నం. ఫోన్ మోగితే ఎవలో పిల్లను అడుగుతున్నరని పొయ్యి మీది కూర ఇడ్సిపెట్టి ఉరుకుతున్న. చూస్తే నీ చీరలు. జర బంద్ చెయ్యి తల్లీ."

ఆమె మర్యాదగానే అడిగింది. నేనే ఊరుకోలేదు.

"ఒక్క మెసేజ్ చూస్తే నీ కండ్లేమన్న అరిగిపోతయా? ఇష్టం లేకుంటే కొట్టెయ్యి."

"అయితే నేను పంతొమ్మిది సున్నా తొమ్మిదికి ఫోన్ కొట్టి కంప్లైంట్ చేస్త."

"చేసుకోపో" అని పెట్టేశాను.

ఆమె ఒక్కతే చేసిందో, ఇంకెంతమంది చేశారో. కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చిందట. అది కూడా మెసేజీగానే వచ్చిందట, ఇంగ్లిషులో. నా ఫోన్‌కు రోజుకు ముప్పై వస్తాయి. లోను తీసుకో అని, పాట పెట్టుకో అని, రమ్మీ ఆడు అని. పంపినవాళ్ల పేరు చోట ఏవో ఇంగ్లిషు అక్షరాలతో వచ్చేవన్నీ నేను చదవకుండానే కొట్టేస్తాను. నన్ను హెచ్చరించిన మెసేజీని కూడా వాటితో కలిపి కొట్టేశాను.

తర్వాత పదిహేను రోజులు నా ఫోన్ నుంచి బయటికి కాల్ పోలేదు, మెసేజ్ పోలేదు. వచ్చేవి మాత్రం వస్తున్నాయి. ప్యాక్‌లో ఏదో తేడా అనుకున్నాను. హారతికి చెబితే చీరల మెసేజీల సంగతి బయటపడుతుందని చెప్పలేదు. పదిహేను రోజులు కాగానే దానంతట అదే బాగైంది. దసరా దగ్గరికొచ్చింది. మళ్లీ రోజుకు వంద మొదలుపెట్టాను.

ఒక మంగళవారం సాయంత్రం మా ఇంట్లో రెండు ఫోన్లూ ఒకేసారి మూగబోయాయి. హారతి సిమ్ కూడా నా పేరు మీదే తీసుకున్నాం. దాని ముఖం చూసి నేనే అంతా చెప్పేశాను. అది అరవలేదు. అరిస్తే బాగుండేది.

బుధవారం పొద్దున్నే ఇద్దరం ఫోను కంపెనీ దుకాణానికి పోయాం. మా ఆయనను పక్కింటి గంగవ్వకు అప్పజెప్పి పోయాం. దుకాణంలో టేబుల్ ముందున్నామె కంప్యూటర్ చూసి హిందీలో నెమ్మదిగా చెప్పింది. వ్యాపారం మెసేజీలు పంపాలంటే రిజిస్టర్ చేసుకోవాలి, అవతలివాళ్ల ఒప్పుకోలు ఉండాలి. మామూలు నంబరు నుంచి పంపితే, ఫిర్యాదులొస్తే, మొదటిసారి పదిహేను రోజులు అవుట్‌గోయింగ్ బంద్. రెండోసారి ఆ మనిషి పేరు మీదున్న నంబర్లన్నీ ఏడాది బంద్.

"ఏడాదా" అన్నాను. "చీరలమ్మితే ఏడాదా? మరి నాకు రోజుకు ముప్పై పంపేటోల్లనెందుకు వట్టుకుంటలేరు?"

హారతి నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ నంబరు ఎక్కడ రాసి ఉందో ఆమెకు చెప్పింది. ఆమె ఒక కాగితం ఇచ్చి, అప్పీలు రాసుకోండి, నేను పైకి పంపుతాను అంది.

ఇంటికొచ్చేసరికి గంగవ్వ గల్లీ మొదట్లో నిలబడి ఉంది.

"అన్నం పెడ్తనని లోపటికి పోయిన బిడ్డా. గంతల్నే పోయిండు. డ్యూటీ అనుకుంట పోయిండట, పోరగాండ్లు చూసిండ్రు."

గంగవ్వను ఒక్క మాట అనలేదు. కార్ఖానాకు పోయాను, ఉధనా స్టేషన్‌కు పోయాను. హారతి పోలీసు చౌకీకి పోయింది. మధ్యాహ్నం ఇంట్లో కూలబడి, గంటలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారులే అనబోయి ఆగిపోయాను. హారతి నా వైపే చూస్తోంది. ఇద్దరం ఆ చచ్చిన ఫోను వైపు చూశాం. అప్పుడు ఏడ్చాను.

మా ఆయన ఫోటోతో, మా గల్లీ బుచ్చిరాములు నంబరుతో కాగితాలు అచ్చువేయించి గోడలకు అంటించాం. నాలుగో రోజున మా వైపు నేత కార్మికుడొకడు వచ్చి, అన్నను బుధవారం పొద్దుగూకేటప్పుడు కామ్‌రేజ్ చౌరస్తాలో చూసినట్టనిపించింది అన్నాడు. వెంటనే పోయాం.

కామ్‌రేజ్‌లో హైవే పక్కన లోచో అనే టిఫిన్ బండి నడిపే ఒకాయన కాగితం మీది ఫోటో చూడగానే గుర్తుపట్టాడు. ఆకలిగా కనిపిస్తే ఒక ప్లేటు పెట్టాడట. తింటుంటే చేతి మీది నంబరు చూశాడట.

"నేను ఫోన్ చేశానమ్మా" అన్నాడు హిందీలో. "ఒకసారి కాదు. ఈ నంబరు సేవలో లేదు అనే వచ్చింది. ఎప్పుడో వేయించుకున్న పాత నంబరేమో అనుకున్నాను."

తన ఫోన్ తీసి వేలితో కిందికి జరుపుతూ పోయి చూపించాడు. బుధవారం సాయంత్రం. నా నంబరు. ఒకదాని కింద ఒకటి నాలుగుసార్లు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం నాలుగుసార్లు చేశాడు ఆ పుణ్యాత్ముడు.

"తర్వాత?" అంది హారతి.

"గిరాకీ వచ్చింది. ఇటు తిరిగి చూసేసరికి లేడు. అప్పుడే ఒక బస్సు ఆగి కదిలింది. అందులో ఎక్కాడో, నడిచి పోయాడో నేను చూడలేదు."

ఏ బస్సో అతనికి తెలియదు. ఆ రోడ్డు మీద ముంబై పోయేవి ఉంటాయి, అహ్మదాబాద్ పోయేవి ఉంటాయి, ధులే వైపు పోయేవి ఉంటాయి. అక్కడే రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. కోరుట్ల స్వరాజ్యం గుర్తొచ్చింది. ఫోన్ మోగితే కూర వదిలి ఉరుకుతున్నానని చెప్పింది. ఆ ఉరకడం ఏమిటో నాకు ఆ హైవే పక్కన తెలిసింది.

ఆ రాత్రి హారతి అప్పీలు రాయడానికి కూర్చుంది. మా అమ్మకు చదువు రాదు, రూల్స్ తెలియవు అని మొదలుపెట్టింది.

"అట్ల రాయకు" అన్నాను. "నువ్వు చెప్పినవు, ఆ కోరుట్లామె చెప్పింది, నేను ఇనలేదు. తెలిసి చేసిన అని రాయి. శిక్ష ఏదన్న ఉంటే నాకు ఎయ్యుమను. నంబర్ ఒక్కటి ఇడ్సిపెట్టుమను."

అలాగే రాసింది. పోలీసు కాగితం జతచేసింది. ఇకమీదట ఒక్క వ్యాపారం మెసేజీ పంపనని నేను సంతకం పెట్టాను. తొమ్మిదో రోజు నంబరు తిరిగి వచ్చింది. టేబుల్ ముందున్నామె నాకోసం రోజూ పైవాళ్లను అడిగిందని తర్వాత తెలిసింది. ఆమె చేతులు పట్టుకుని ఒక్కటే అడిగాను.

"బంద్ ఉన్న దినాలల్ల ఈ నంబర్‌కు ఎవలెవలు ఫోన్ చేసిండ్రో చెప్తవా బిడ్డా?"

హారతి హిందీలో చెప్పింది. ఆమె తల అడ్డంగా ఊపింది. అందని కాల్స్ ఎక్కడా రాసి ఉండవట.

ఇది జరిగి నాలుగు నెలలైంది. మా ఆయన రాలేదు. ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. లోన్ కావాలా అని, ప్లాట్ కొంటారా అని, క్రెడిట్ కార్డు వచ్చింది అని. ప్రతి ఒక్కటీ ఎత్తుతాను. స్నానంలో ఉన్నా తడిచేత్తో ఎత్తుతాను. మొన్న హారతి చూడలేకపోయింది.

"అమ్మా, డీఎన్‌డీ పెడ్త. గీ కాల్స్ అన్ని ఆగిపోతయి. పోలీసోల్లు చేస్తే, మామూలు మనుషులు చేస్తే వస్తనే ఉంటయి."

అది చెప్పింది నిజమే. చట్టంలో అలాగే ఉందట. కానీ ఆ జల్లెడలో ఎవరు ఆగుతారో ఎవరు దిగుతారో నాకు నమ్మకం లేదు. వద్దన్నాను.

నిన్న మధ్యాహ్నం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. హిందీలో గడగడా మొదలుపెట్టింది. పర్సనల్ లోన్, కాగితాలక్కర్లేదు, పది నిమిషాల్లో అకౌంట్‌లో పడుతుంది. గొంతు చూస్తే ఇరవై ఏళ్లు కూడా ఉండవు. అంతా చెప్పనిచ్చాను.

"లోన్ వద్దమ్మా" అన్నాను నాకొచ్చిన హిందీలో. "నువ్వు ఏ ఊరి నుంచి మాట్లాడుతున్నావు?"

ఆమె తడబడింది. నాగపూర్ అంది.

"మా ఆయన తప్పిపోయాడు. అరవై ఒక్క ఏళ్లు, బక్కగా ఉంటాడు, చెవులు సరిగా వినపడవు. నువ్వు ఇప్పుడు చేసిన ఈ నంబరే అతని చేతి మీద పచ్చబొట్టు ఉంటుంది. మీ ఊళ్లో ఎక్కడైనా కనిపిస్తే ఇలాగే ఒక ఫోన్ చెయ్యి."

వెనకాల పదిమంది అమ్మాయిలు అవే మాటలు ఎవరెవరికో చెబుతున్న చప్పుడు వినబడుతోంది. పెట్టేసి ఉంటుంది అనుకున్నాను. నా వ్యాపారం రోజుల్లో నేనైతే పెట్టేసేదాన్నే.

"ఏ చెయ్యి అమ్మా?" అంది ఆ అమ్మాయి, గొంతు తగ్గించి.

"ఎడమ చెయ్యి" అన్నాను.