కడగడానికి వచ్చింది ఒక్క సీసా

మార్చి ఎనిమిదిన, ఆడవాళ్ల పండగ రోజున, నేను గాజు సీసాలు కడుగుతుంటే డాక్టర్ వల్చెవ్ వచ్చి నా తడి చేతిలో ఎర్ర కార్నేషన్ పువ్వొకటి పెట్టాడు.

"పండగ శుభాకాంక్షలు పెనా పెద్దమ్మా! ఇదిగో, ఇక్కడో చిన్న సంతకం."

ప్లోవ్‌దివ్‌ నగరంలోని ఈ ప్రయోగశాలలో నాకు పేరుండేది ఏడాదికి ఆ ఒక్కరోజే. కాగితం చదివాను. పోయిన వారం కణాల పోషక ద్రవం సీసాలు రెండు కడిగానని ఉంది.

నేను కడిగింది ఒకటే.

ఒక్కో రకం కణాలకు ఒక్కో సీసా. ఇక్కడి నియమం అది. ఒకే సీసాతో రెండింటికీ పోస్తే, ఒకచోటి కణాలు రెండోచోటికి జారి అక్కడ పెరుగుతాయి. ఇది నాకు చెప్పింది రుమ్యానా, ఇక్కడ పరిశోధన చేసే పిల్ల. ఆమె పరిశోధించే వైరస్ జన్యువులు తమంతట తాము పలకవట. కణంలో ఉండే ఒక ప్రోటీను వచ్చి వాటి మీట నొక్కాలి. చర్మ కణాల్లో ఆ ప్రోటీను ఉంది, కాలేయంలో లేదు. ఆ మీటకు మిణుగురు పురుగు జన్యువును తగిలించి చూస్తే చర్మ కణాలు వెలిగాయి, కాలేయ కణాలు వెలగలేదు. మూడేళ్లు కష్టపడి ఆమె తేల్చింది అది. పోయిన వారం వల్చెవ్ తనే చేస్తే కాలేయమూ వెలిగిందట. "నీ చేతికి నిలకడ లేదమ్మాయ్, పెళ్లి చేసుకో" అన్నాడు అందరి ముందూ. రేపు ఆమెను తీసేస్తారు. ఆయన ఒకే సీసా వాడాడేమోనని ఆమె ఫిర్యాదు చేసింది. అందుకే ఈ కాగితం, ఈ పువ్వు.

"దీని నోట్లో నాలుక లేదు, పుట్టుకే అంత" అనేవాడు నా మొగుడు మించో, నేను అతని స్నేహితులకు రకియా సారా పోస్తుంటే. "మూగదైనా పని చేస్తుందిలే" అనేది అత్త. నేనూ నమ్మాను. అతన్ని పూడ్చిన ఏడాదికి, యాభై ఎనిమిదో ఏట, రుమ్యానా దగ్గర అక్షరాలు దిద్దుకుంటూ ఆమె నోట ఆ కాలేయ కణాల సంగతి విన్నాను. పలకకపోవడం పలకనిదాని లోపం కాదు. అది చేరిన ఇల్లు అలాంటిది. నన్ను నేను వైరస్‌తో పోల్చుకోవడానికి నాకు సిగ్గేం లేదు. ఆ ఇంట్లో నన్ను అంతకంటే మర్యాదగా ఎవరూ చూడలేదు.

"కానివ్వు పెద్దమ్మా. రెండైతేనేం, ఒకటైతేనేం."

"రెండైతే నా నడుం రెండుసార్లు నొప్పెట్టేది డాక్టర్ గారూ."

"నాతో పరాచికాలొద్దు. సీసాలు కడిగేవాళ్లు ఊరినిండా ఉన్నారు."

"ఉన్నారు. వాళ్లకీ చదవడం వచ్చేసింది, అదే మీ కష్టం."

'రెండు' కొట్టేసి 'ఒకటి' అని రాశాను. కింద మించో ఇంటిపేరు లేకుండా, మా నాన్న ఇంటిపేరుతో సంతకం చేశాను. కాగితం ఆయన చేతికివ్వకుండా డైరెక్టర్ గది వైపు నడిచాను.

"ఎక్కడికి?" అని అరిచాడు.

ఆ ప్రశ్నకు మించో ఇంట్లో ముప్ఫై నాలుగేళ్లు జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయి ఉన్నాను. తలుపు తెరిచాను.